అండమాన్‌లో కాపురమా? ముందు పదహారు రోజుల రిహార్సల్!

ఔట్‌డోర్ షూటింగ్‌కి చోటు వెతకడానికి బయల్దేరిన కారులో ముగ్గురు ముఖ్యులుంటారు. ఒకరు డైరెక్టరు. కొండ కనబడితే చాలు, హీరోయిన్ ఎటునుంచి ఎటు పరిగెత్తాలో ఆయన మనసులో బొమ్మ పడిపోతుంది. రెండోవారు కెమెరామన్. ఎండ ఏ పక్కనుంచి పడుతుందో చూసుకుని, రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి చట్రం కట్టుకుంటాడు. మూడోవాడు ప్రొడక్షన్ మేనేజరు. పాపం, ఆయన కొండకేసి చూడనే చూడడు. టీ కొట్టువాడి దగ్గరికి వెళ్లి, "ఇక్కడ మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి? జనరేటర్ బండి పైదాకా ఎక్కుతుందా? నూటయాభై మందికి పొద్దున్నే ఇడ్లీలు ఎవరు వండిపెడతారు?" అని అడుగుతుంటాడు.

సినిమా విలేకరిగా పదేళ్లు యూనిట్ల వెంట తిరిగాక నాకు తెలిసొచ్చిన సత్యం ఒకటుంది. లొకేషన్ బాగుందో లేదో చెప్పేది మొదటి ఇద్దరైనా, అక్కడ షూటింగ్ జరుగుతుందో లేదో తేల్చేది మూడోవాడే!

ఈ సొద ఇప్పుడెందుకంటారా? నేనూ ఓ లొకేషన్ వేటకి బయల్దేరబోతున్నాను. సినిమాకి కాదు లెండి... కాపురానికి! చోటు అండమాన్. ఊరు పోర్ట్‌బ్లెయిర్. 2024 సెప్టెంబరులో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, మా బంధువుల నోట ఇంకా పాత పేరే నలుగుతోంది.

అండమాన్ అమ్మాయీ, కాలాపానీ...

మన సినిమావాళ్లకి అండమాన్ కొత్తేమీ కాదు. 1979లో అక్కినేని, వాణిశ్రీ జంటగా 'అండమాన్ అమ్మాయి' వచ్చింది. తమిళంలో శివాజీ గణేశన్ చేసిన 'అండమాన్ కాదలి'కి అది తెలుగు రూపం. 1996లో ప్రియదర్శన్ తీసిన 'కాలాపానీ' వచ్చింది. మోహన్‌లాల్, టబు నటించిన ఆ సినిమా చూసి జైలు గోడల వెనక సముద్రం ఎంత నీలంగా ఉందో అని ముచ్చటపడినవాళ్లూ ఉన్నారు, ఆ గోడల మధ్య మనుషులు పడ్డ బాధకి కళ్లు తుడుచుకున్నవాళ్లూ ఉన్నారు. సంతోష్ శివన్ కెమెరాకి, సాబు సిరిల్ కళకి జాతీయ అవార్డులొచ్చాయి.

ఇక ఉద్యోగం మానేసి దీవికి పోయి బతుకుదామనే కల... అది ఎవరికి రాదు చెప్పండి? ఆఫీసులో చివాట్లు తిన్న రోజు సాయంత్రం అందరికీ వస్తుంది. నా సంగతి కాస్త వేరు. నేను ఏ పత్రికలోనూ నెలజీతగాణ్ణి కాను. రాసిన దానికి రాసినంత. హైదరాబాదులో ఇంటద్దె ఏడాదికోసారి పెరుగుతుంది. వ్యాసానికిచ్చే డబ్బు మాత్రం ఏళ్ల తరబడి అదే అంకె దగ్గర పద్మాసనం వేసుకు కూర్చుంటుంది! మా పాపకి ఏడేళ్లు. చలికాలం వచ్చిందంటే దగ్గు పట్టుకుంటుంది. మా అమ్మకి రెండేళ్ల క్రితం గుండెకి స్టెంటు వేశారు. మా ఆవిడ ఓ ప్రైవేటు స్కూల్లో టీచరు. నలుగురం కలిసి రెండు గదుల ఇంట్లో ఉంటాం.

ఇలా ఉండగా అండమాన్‌నుంచి మా బావ ఫోను. మాది శ్రీకాకుళం జిల్లా. సముద్రానికి దగ్గర ఊరు. బావ వాళ్లు ముప్ఫయ్యేళ్ల కిందటే ఓడెక్కి వెళ్లి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారు. చేపల వ్యాపారం. "ఏటి బావా, ఆ అద్దెకి అక్కడ చావడం ఎందుకు? ఇటొచ్చీ. రాసుకునే పనేగదా, ఇక్కణ్ణుంచి రాసుకో!" అన్నాడు. నవ్వుకుంటూ అన్న మాటే గానీ, మా ఇంట్లో అది నిద్ర లేకుండా చేసింది.

అక్కడ మనవాళ్లు ఉన్నారా అంటే...

ఉండటమేమిటి, నూటికి పదమూడుమంది మనవాళ్లే! 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల మొత్తం జనాభా 3,80,581. అందులో బెంగాలీ, హిందీ, తమిళం మాట్లాడేవాళ్ల తరువాత స్థానం తెలుగువాళ్లదే. ఎక్కువమంది మన ఉత్తరాంధ్ర తీరంనుంచి వెళ్లినవాళ్లు. చేపల వేటకి, కూలిపనికి, చిన్న చిన్న వ్యాపారాలకి వెళ్లి, పిల్లల్ని అక్కడే కని, పెళ్లిళ్లు మాత్రం ఈ ఒడ్డున సంబంధాలు చూసి చేసుకున్నవాళ్లు. తెలుగు మాధ్యమంలో చెప్పే సర్కారు బడులు కూడా అక్కడ నడిచాయి.

నలుగురూ కలిసే చోట మాత్రం భాష హిందీ. బెంగాలీ అత్తగారు, తమిళ దుకాణదారు, తెలుగు పడవవాడు, మలయాళీ నర్సు... అందరూ తలోరకం హిందీలో సర్దుకుపోతారు. ఇక్కడ మా ఆవిడ నాకంటే ఓ మెట్టు పైనుంది. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు 'రాష్ట్రభాష' దాకా ప్యాసయింది. నాది హిందీ సినిమాలు చూసి నేర్చిన హిందీ. విలన్‌తో సవాలు చెయ్యడానికి పనికొస్తుంది, వంకాయలు బేరం చెయ్యడానికి పనికిరాదు!

మనకి ఆ దీవులతో ఇంకా పాత చుట్టరికం ఒకటుంది. అది సంతోషంగా చెప్పుకునేది కాదు. 1974లో కృష్ణగారి నూరో చిత్రం 'అల్లూరి సీతారామరాజు' చూసినవాళ్లకి గాం సోదరుల పేర్లు గుర్తుండే ఉంటాయి. మన్యం పోరాటంలో పట్టుబడ్డ గాం మల్లుదొరని తెల్లవాళ్లు అండమాన్ జైలుకి పంపారు. ఆయన బతికి బయటపడి, 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యారు కూడా! 1906లో కట్టడం పూర్తయిన సెల్యులార్ జైలుకి అప్పట్లో ఏడు వరసలు. దాదాపు ఏడువందల ఒంటరి గదులు. ఇప్పుడు మిగిలినవి మూడు వరసలే. మా అమ్మ దృష్టిలో అండమాన్ అంటే నేటికీ అదే. "వెనకటికి దొంగల్నీ దొరల్నీ తోలీవోరు. ఇప్పుడు నువ్వు టిక్కెట్టు కొనుక్కుని మరీ ఎల్తానంటన్నావు!" అంటుంది.

ఏ నెలలో వెళ్లాలి?

టూరిస్టులు అక్టోబరు దాటాక మొదలుపెట్టి ఏప్రిల్ దాకా వెళతారు. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు. సముద్రం అద్దంలా ఉంటుంది, ఆకాశం కడిగినట్టుంటుంది. హావ్‌లాక్‌లో ఓ ఫొటో, నీల్‌లో ఓ ఫొటో, జైల్లో లైట్ అండ్ సౌండ్, తిరుగు విమానం. తప్పేం లేదు. హనీమూన్‌కి వెళ్లే జంటకి అదే మంచి కాలం. (హావ్‌లాక్‌ని 2018లో స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ని శహీద్ ద్వీప్ అనీ మార్చారు. టికెట్టు మీద కొత్త పేరు చూసి కంగారుపడకండి.)

కానీ పెళ్లిచూపులనాడు అమ్మాయి కట్టుకున్న పట్టుచీర చూసి, ఏడాది పొడుగునా ఇంట్లో అలాగే తిరుగుతుందని అనుకునేవాణ్ణి ఏమంటాం? ఊరు కూడా అంతే. ముస్తాబులో ఉన్న నెలలో చూస్తే మనం కాపురం చెయ్యాల్సిన ఊరు కనబడదు. ముస్తాబు లేని నెలలోనే చూడాలి.

ముస్తాబు లేని నెల ఏది? ఇక్కడే మా ఇంట్లో వారం రోజులు చర్చ నడిచింది. ఆ దీవుల్లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాదులో పడేదానికి మూడింతలకి పైగా! నైరుతి రుతుపవనాలు ముందు పలకరించేది ఆ దీవుల్నే. మే 20 అటూ ఇటుగా 'అండమాన్‌ను తాకిన రుతుపవనాలు' అని పత్రికల్లో చదివి, మనం ఇక్కడ ఉసూరుమంటూ విసనకర్ర విసురుకుంటాం చూడండి, ఆ వార్తే. ఆ తరువాత డిసెంబరు దాకా వానలే వానలు. ఈశాన్య రుతుపవనాలు కూడా వదిలిపెట్టవు.

అంత వాన పడే చోట నీటికి కొరత ఏమిటని మీరు అడగొచ్చు. నేనూ అదే అడిగాను. బావ పెద్దగా నవ్వాడు. "వాన పడ్డాది, సముద్రంలోకి పోయింది. ఎక్కడ ఆగుతాది? నీళ్ల సంగతి తెలవాలంటే మే నెల్లో రా బావా. బిందె నీతో మాట్లాడతాది!" ఉన్నవి కొండలు, వాలు నేల. పెద్ద నదులు లేవు. పోర్ట్‌బ్లెయిర్‌కి ముఖ్యమైన ఆధారం ధనిఖారీ రిజర్వాయరు. ఎండాకాలం చివరికి అది అడుగంటితే ఊళ్లో పంపులు రోజూ రావు. డ్రమ్ములు, బిందెలు, వంతులు...

కాబట్టి వానకోసం జూలైలో ఒకసారి, నీటికోసం ఏప్రిల్‌లో ఒకసారి వెళ్లాలన్నమాట. రెండు ప్రయాణాలకి డబ్బెక్కడిది? కేలండరు ముందేసుకుని కూర్చుంటే దారి దొరికింది. మే 10 ప్రాంతంలో దిగి, 25 దాకా ఉంటే? మొదటి పది రోజులు నీళ్లులేని ఊరు, తరువాతి అయిదారు రోజులు తొలివాన ముంచెత్తే ఊరు. ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు! పాప బడికీ మా ఆవిడ స్కూలుకీ అప్పుడు వేసవి సెలవులు. మేలో బంగాళాఖాతంలో తుపానుల భయం కూడా ఉంటుంది గనక, తిరుగు తేదీ తరువాత మూడు రోజులు ఖాళీగా అట్టిపెట్టాం. 2016 డిసెంబరులో తుపాను వచ్చినప్పుడు హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా యాత్రికులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. ఫెర్రీలు ఆగిపోతే మనం ఎంతటివాళ్లమైనా అక్కడే ఆగిపోవాల్సిందే.

ఓడలో వెళ్లాలా, విమానంలోనా?

విమానమైతే చెన్నైనుంచి రెండు గంటల పైచిలుకు. సినిమా అయిపోయేలోగా దిగిపోవచ్చు. ఓడలైతే చెన్నై, కలకత్తా, విశాఖపట్నంనుంచి వెళతాయి. విశాఖనుంచి సుమారు 1,200 కిలోమీటర్లు, రెండున్నర రోజులు. విశాఖ ఓడ చెన్నై ఓడలంత తరచుగా ఉండదు. తేదీ మన ఇష్టం కాదు, ఓడ ఇష్టం.

మేం వెళ్లడం ఓడలో, రావడం విమానంలో అని తేల్చాం. డబ్బు కలిసొస్తుందనే కాదు. రేపు నిజంగా అక్కడ కాపురం పెడితే మంచాలు, బీరువా, నా పుస్తకాల పెట్టెలు అన్నీ ఆ ఓడ దారినే రావాలి. ఆ ఊరి ఉల్లిపాయ, బంగాళాదుంప, సిమెంటు, గ్యాసు అన్నీ ఆ దారినే వస్తాయి. అక్కడ పండేవి కొబ్బరి, వక్క, కొంత వరి, కొన్ని కూరలు. చేపలకి మాత్రం లోటు లేదు. ఓడ ఆలస్యమైతే బజారులో ధర ఎందుకు పెరుగుతుందో రెండున్నర రోజులు ఆ నీళ్ల మీద ఊగినవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

"అత్తయ్యగారు రెండున్నర రోజులు ఓడలో ఉండగలరా?" అంది మా ఆవిడ. అసలు అమ్మని తీసుకెళ్లాలా, మేమిద్దరం చూసొచ్చి చెబుదామా అన్నది పెద్ద సమస్యే అయ్యింది. డాక్టరుగారిని అడిగాం. మందులు తప్పకుండా వేసుకుంటే, ఓడలో డాక్టరున్నాడో లేదో ముందే కనుక్కుంటే ఫరవాలేదన్నారు. అయినా నేను నసుగుతుంటే అమ్మే తేల్చేసింది.

"ఒరే, సినిమా మీరు చూసొచ్చి నాకు కథ చెప్తారా? అక్కడ ఉండాల్సింది నేను గూడా గదా!"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నాలుగు టికెట్లు!

పదహారు రోజుల షెడ్యూలు

సముద్రం ఒడ్డున రిసార్టు వద్దనుకున్నాం. ఊళ్లో ఓ గది, వంటకి వీలుండాలి. బావ వాళ్ల జంగ్లీఘాట్‌లోనో, ప్రేమ్‌నగర్‌లోనో చూడమన్నాను. అవునండీ, పోర్ట్‌బ్లెయిర్‌లో ప్రేమ్‌నగర్ అని పేట ఉంది! 1971 'ప్రేమ్‌నగర్' జంటే ఎనిమిదేళ్ల తరువాత 'అండమాన్ అమ్మాయి'లోనూ నటించారంటే, ఇది ఎవరు రాసిన స్క్రీన్‌ప్లేయో గానీ బాగా కుదిరింది. మా ఆవిడ మాత్రం, "పేరు సంగతి తరువాత. పంపు ఎన్ని గంటలకొస్తుందో కనుక్కోండి" అంది. మా యూనిట్‌కి ప్రొడక్షన్ మేనేజరు ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది!

మొదటి మూడు రోజులు చూడ్డానికి ఎక్కడికీ వెళ్లం. బజారు చెయ్యడం, వండుకోవడం, నీళ్లు పట్టుకోవడం. అబర్డీన్ బజారులో బియ్యం, పప్పు, పాలు, టమాటా, గుడ్లు, అమ్మ వేసుకునే అయిదు రకాల మాత్రలు... అన్నిటి ధరలూ రాసి, మా వీధి ధరల పక్కన పెట్టి చూడ్డం. మాత్రలు అన్ని దుకాణాల్లోనూ దొరుకుతాయా, తెప్పించాలా? ఇది రాధానగర్ బీచి కంటే నాకు ముఖ్యం.

నాలుగో రోజు ఆసుపత్రి. పోర్ట్‌బ్లెయిర్‌లో జి.బి.పంత్ ఆసుపత్రి పెద్దది. దాంతో కలిసి మెడికల్ కాలేజీ కూడా ఉంది. కానీ కేసు మరీ బరువైతే సముద్రం దాటించి చెన్నైలాంటి చోటికి పంపడం అక్కడ మామూలే. స్టెంటు వేసిన మనిషికి అర్ధరాత్రి నొప్పొస్తే మొదటి గంటలో ఏం చేస్తారు, విమానం లేని వేళ ఏం చేస్తారు? ఈ రెండు ప్రశ్నలూ అమ్మ పాత కాగితాలతో సహా పట్టుకెళ్లి అక్కడి డాక్టర్ని అడుగుతాం. ఈ ప్రయాణంలో అసలు క్లయిమాక్స్ ఇదే. ఇక్కడ 'కాదు' అని తేలితే మిగిలిన రీళ్లన్నీ వృథా.

అయిదు, ఆరు రోజులు నా పని. మామూలు పనిదినాల్లాగే పొద్దున్నే కూర్చుని రాస్తాను, ఫొటోలతో సహా పంపుతాను. 2020 ఆగస్టు దాకా ఆ దీవులు ఎక్కువగా ఉపగ్రహాల మీదే ఆధారపడేవి. నెట్టు నత్తనడక. ఆ నెల 10న చెన్నైనుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల పొడుగున వేసిన కేబులు మొదలైంది. అది లేకపోతే నాలాంటివాడికి ఈ ఆలోచనే వచ్చేది కాదు. అయినా కరెంటు ఎక్కువ భాగం డీజిలు జనరేటర్లతో తయారవుతుంది. ఎన్నిసార్లు పోతుందో, పోతే ఎంతసేపటికి వస్తుందో గోడ మీద గీతలు పెట్టడం మా పాప డ్యూటీ.

ఏడో రోజు ఇళ్లు చూడ్డం. అద్దె ఎంతన్న ప్రశ్నకంటే ముందు అడగాల్సింది ఒకటుంది. ఈ ఇల్లు సముద్రంకంటే ఎంత ఎత్తులో ఉంది? 2004 డిసెంబరు 26 సునామీ మనమంతా టీవీలో చూశాం. కెరటం వచ్చిపోయాకా అక్కడ కథ అయిపోలేదు. భూకంపానికి నేలే కుంగింది. పోర్ట్‌బ్లెయిర్ పక్కన సిప్పీఘాట్ దగ్గర పొలాల్లోకి వచ్చిన ఉప్పునీరు వెనక్కి పోలేదు. బావ అక్కడికి స్వయంగా తీసుకెళ్లి చూపిస్తానన్నాడు. సొంత ఇంటి ఊసు మేం ఎత్తడం లేదు. దీవుల్లో నూటికి ఎనభై పాళ్లకి పైగా అడవే. జనం ఉండటానికి మిగిలిన నేల కొద్ది. మన ఊళ్లోలాగా బ్రోకర్ని పట్టుకుని ప్లాటు కొనేసే వ్యవహారం కాదది.

ఎనిమిదో రోజు ఆదివారం. అమ్మకి మాటిచ్చినట్టు సెల్యులార్ జైలు. మధ్యాహ్నం బావ ఇంట్లో చేపలపులుసు. పేటలోని తెలుగువాళ్లని పదిమందిని పిలుస్తానన్నాడు. అక్కడ పుట్టి పెరిగిన కుర్రాళ్లని నేను అడగదలిచింది ఒక్కటే: "ఇక్కణ్ణుంచి వెళ్లిపోవాలని మీకు ఎప్పుడనిపిస్తుంది?" వచ్చి స్థిరపడినవాళ్లు ఆ ఊరి మంచి చెబుతారు. వెళ్లిపోవాలనుకునేవాళ్లే ఆ ఊరి నిజం చెబుతారు.

తొమ్మిది, పది రోజులు పాప కోసం, మా ఆవిడ కోసం హావ్‌లాక్. ఫీనిక్స్ బే జెట్టీలో సర్కారు ఫెర్రీ ఎక్కి, రాధానగర్ బీచిలో సూర్యాస్తమయం. నీళ్లలోకి మాత్రం కాపలావాళ్లు సరేనన్న చోటే. ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి, అవి రీటేకులివ్వవు!

మిగిలిన రోజులన్నీ ఖాళీ. వాన కోసం. వాన మొదలయ్యాక నలుగురం ఒకే గదిలో, బట్టలారక, బయటికి పోలేక అయిదురోజులు ఉంటే... ఆ ఊరి సంగతే కాదు, మా సంగతి కూడా మాకు తెలుస్తుంది.

మాట్నీ వదిలేసరికి చీకటి!

ఒక చిన్న వింత చెప్పాలి. ఆ దీవులు మనకి బాగా తూర్పున ఉన్నాయి. గడియారం మాత్రం మనదే. అందుచేత మేలో తెల్లవారుజామున అయిదుకే సూర్యుడు పైకొస్తాడు. సాయంత్రం అయిదున్నర దాటగానే వెళ్లిపోతాడు. డిసెంబరులో అయితే అయిదింటికే సంధ్యదీపం పెట్టాలి. రెండున్నర మాట్నీకి వెళ్లినవాడు బయటికొచ్చేసరికి ఊరంతా చీకటి! సెకండ్ షో చూసి మిరపకాయబజ్జీ తిని ఇంటికి చేరే అలవాటున్న నాలాంటివాడు, పెందరాళే నిద్రపోయే ఊళ్లో ఎలా బతుకుతాడన్నది నా సొంత ప్రశ్న. శుక్రవారం తెల్లవారుజామున బెనిఫిట్ షో దగ్గర ఈలలు, పేపర్ ముక్కలు... వాటిమీదే కదండీ పదేళ్లుగా నా అన్నం! కొత్త తెలుగు బొమ్మ అక్కడ ఎప్పుడు పడుతుందో, అసలు పడుతుందో లేదో చూడ్డానికి కూడా ఓ సాయంత్రం కేటాయించుకున్నాను.

చూడకూడనిది

టూరు కంపెనీలవాళ్లు బారాటాంగ్ సున్నపురాయి గుహల పేరు తప్పకుండా చెబుతారు. దారి జారవాల అడవి గుండా పోతుంది. బళ్లు వేళప్రకారం వరసగా, కాన్వాయ్‌లో వెళ్లాలి. ఆగకూడదు, ఫొటోలు తియ్యకూడదు. ఆ ఆదివాసుల రక్షణకి 1956నుంచే చట్టం ఉంది. అయినా ఆ బస్సుల్లో కొందరి కళ్లు గుహల కోసం కాదు, కిటికీలోంచి మనుషులు కనబడతారేమోనని. మేం ఆ దారి ఎక్కడం లేదు. వాళ్ల ఇంటి ముంగిలి మనకి తెర కాదు, మనం కొన్నది బాల్కనీ టిక్కెట్టూ కాదు.

ఇక్కడే నన్ను నిజంగా ఇబ్బందిపెట్టే లెక్క ఒకటుంది. 1951లో ఆ దీవులన్నిటిలో కలిపి జనాభా 31 వేలకి లోపు. అరవయ్యేళ్లలో పన్నెండు రెట్లు దాటింది. పొట్ట చేతబట్టుకుని, ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్ల అవసరం వేరు. నేను మాత్రం గాలి మార్పు కోసం వెళ్తానంటున్నాను. వెళ్లేది నలుగురమే కావచ్చు. కానీ మే నెలలో అక్కడి పంపు ముందు మావీ నాలుగు బిందెలు పెరుగుతాయి. ఆ వరసలో వెనక నిలబడ్డ మనిషికి మేం ఏం పనికొస్తాం? మా ఆవిడ అక్కడి పిల్లలకి చదువు చెప్పగలదు. అది బరువైన జవాబే. నా జవాబు నేనింకా వెతుక్కోవాలి. ఆ ఊరి మనుషుల గురించి ఊరికే నాలుగు రంగుల వర్ణనలు కాకుండా, పనికొచ్చే నాలుగు ముక్కలు రాయగలిగితే అదే నా జవాబు.

ఒప్పందం

వెళ్లబోయేముందు మేం నలుగురం ఓ ఒప్పందానికొచ్చాం. ఎక్కడికైనా కాపురం మార్చాలనుకునే కుర్రకారుకి, కొత్త జంటలకి ఇది పనికొస్తుందని రాస్తున్నాను. దుబాయి కానివ్వండి, గోవా కానివ్వండి, పక్క జిల్లా కానివ్వండి.

తలా ఒక నోటుబుక్కు. రోజూ రాత్రి పడుకోబోయేముందు ఆ రోజు నచ్చింది ఒకటి, నచ్చనిది ఒకటి రాయాలి. అమ్మకి రాయడం రాదు గనక, పాపకి చెబితే పాప రాస్తుంది. ఒకరిది ఒకరు చూడకూడదు. బీచి మీద ఉండగా ఎవరూ 'ఇక్కడే ఉండిపోదాం' అనకూడదు. హైదరాబాదు ఇల్లు ఖాళీ చెయ్యం. తిరిగొచ్చాక మూడు నెలలు ఆగి, అప్పుడు నాలుగు పుస్తకాలూ ఒకేసారి తెరుస్తాం. నలుగురిలో ఒక్కరు కాదన్నా కాదనే. ముగ్గురిది మెజారిటీ అని నాలుగోవారిని ఓడ ఎక్కించడం ఉండదు.

'కాదు' అని తేలితే డబ్బు దండగే కదా అన్నాడొక మిత్రుడు. షూటింగ్‌కి పనికిరాని చోటుని ముందే పసిగట్టిన ప్రొడక్షన్ మేనేజరు నిర్మాతకి ఎంత మిగులుస్తాడో ఆ మిత్రుడికి తెలియదు. సగం సినిమా తీశాక సెట్టు మార్చడమంత ఖరీదైన పని ఇంకోటి లేదు. సగం జీవితం గడిచాక ఊరు మార్చి, మళ్లీ వెనక్కి రావడం అంతకంటే ఖరీదు.

ఓడ తేదీ ఇంకా ప్రకటించలేదు. అమ్మ మాత్రం ఊరగాయ జాడీకి మూతగుడ్డ కట్టేసింది. బావకి చింతపండు, మా పాపకి ఈతకి కొత్త గౌను, నాకు నాలుగు డజన్ల పెన్నులు సిద్ధం. మా ఆవిడ సర్దిన పెట్టెలో అన్నిటికంటే పైన ఉన్నదేమిటో తెలుసా? మడత పెట్టిన ఖాళీ నీళ్ల క్యాను!